భుజం నొప్పి: ఎమ్మారై కంటే ముందు త్రో చూడాలి

బంతో ఈటో విసిరే కుర్రాడికి భుజం నొప్పి వచ్చి, ఎమ్మారై రిపోర్టులో ‘లాబ్రమ్‌లో (భుజం గిన్నె అంచు పట్టీలో) చిరుగు’ అన్న మాట కనబడితే చాలు, ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. కుర్రాడి ఆట ఇక అయిపోయినట్టే అనుకుంటారు. ఆపరేషన్ ఎక్కడ చేయించాలి, ఎంతవుతుంది అని ఆ సాయంత్రమే ఫోన్లు మొదలవుతాయి. అసలు ఆ చిరుగుకూ ఆ నొప్పికీ సంబంధం ఉందా అని అడిగేవాళ్లు మాత్రం అరుదు.

అడగడానికి గట్టి కారణమే ఉంది. 2003లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, చేయి తలపైకి ఎత్తి ఆడే ఆటలకు చెందిన 20 మందికి రెండు భుజాలకూ ఎమ్మారై తీశారు. వాళ్లలో ఎవరికీ నొప్పి లేదు. అయినా ఆడే చేతి వైపు 40 శాతం భుజాల్లో రొటేటర్ కఫ్, అంటే కీలును పట్టి ఉంచే కండరాల గుంపు, కొంతో పూర్తిగానో చిరిగి ఉంది. రెండో వైపు ఒక్క భుజంలోనూ చిరుగు లేదు. ఐదేళ్ల తర్వాత మళ్లీ వాకబు చేస్తే, ఆ చిరుగుల వల్ల ఇబ్బంది పడ్డవాళ్లు ఒక్కరూ కనబడలేదు. 2002లో నొప్పి లేని ప్రొఫెషనల్ బేస్‌బాల్ పిచర్లను, అంటే ఆ ఆటలో బంతి విసిరేవాళ్లను, పరీక్షిస్తే, 79 శాతం భుజాల్లో లాబ్రమ్ మామూలుగా లేదని తేలింది. ఏళ్ల తరబడి విసిరిన భుజం లోపల అరుగూ తరుగూ కనబడటం మామూలే. రైతు అరచేతిలో కాయలు కాసినట్టే ఇదీ. ఆ ఫొటోను చూసి ఇదే జబ్బు అని తేల్చేయడం దగ్గరే వైద్యం దారి తప్పుతుంది.

భుజం కీలు నిర్మాణమే కాస్త తెగింపుతో కూడుకున్నది. దండచేయి ఎముక తల పెద్దది, అది కూర్చునే గిన్నె చిన్నది, లోతు తక్కువది. ప్రెషర్ కుక్కర్ మూతకు గ్యాస్కెట్ ఎలాగో, ఆ గిన్నె అంచుకు లాబ్రమ్ అలాగ. అది గిన్నెకు కాస్త లోతునిచ్చి పట్టు పెంచుతుంది. దాని పైఅంచుకే దండచేయి ముందువైపు కండ (బైసెప్స్) స్నాయువు వచ్చి అతుక్కుంటుంది. ముందు, పైన, వెనక వైపుల నుంచి రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు ఎముక తలను గిన్నె మధ్యలో పట్టి ఉంచుతాయి. ఈ గిన్నె ఉన్న రెక్క ఎముక కూడా స్థిరంగా ఉండదు. వీపు మీద జారుతూ, చేయి ఎటు వెళ్తే అటు గిన్నెను తిప్పుతుంది. అది సమయానికి తిరగకపోతే ఎముక తల గిన్నె అంచును ఒరుసుకుంటుంది.

ఇప్పుడు త్రో సంగతి. జొన్న చేలో మంచె ఎక్కి వడిసెల తిప్పేవాళ్లను చూసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. రాయికి వచ్చే ఊపు మణికట్టులో పుట్టదు. పాదం నేలను తన్నితే తుంటి తిరుగుతుంది. తుంటి వెంట నడుము, నడుము వెంట ఛాతీ, ఆ వెనక భుజం, చివరికి తాడు. కింద పుట్టిన బలాన్ని పైకి చేరవేసి కొస దగ్గర వేగంగా మార్చడమే భుజం పని. కింద నుంచి రావాల్సింది రాకపోతే ఆ లోటును భుజమే పూడ్చాలి. అమెరికా వైద్యుడు బెన్ కిబ్లర్ వేసిన లెక్క ప్రకారం, తుంటి, నడుము నుంచి అందే శక్తి 20 శాతం తగ్గితే, చేతికి అదే శక్తి చేరాలంటే భుజం 34 శాతం ఎక్కువ వేగంతో తిరగాలి. 2021 ఆగస్టు 7న టోక్యోలో నీరజ్ చోప్రాకు స్వర్ణం తెచ్చిన 87.58 మీటర్ల త్రోను నెమ్మదిగా నడిపించి చూస్తే, 800 గ్రాముల ఈటె చేతిలోంచి వెళ్లే ముందు ఎడమ కాలు గునపంలా నేలలో దిగబడుతుంది. పరుగులోని ఊపంతా అక్కడ ఆగి పైకి ఎగదన్నుతుంది. ఆ మోకాలు ఊరికే మడత పడిపోయే త్రోయర్‌కు దూరం తగ్గుతుంది, భుజానికో మోచేతికో బరువు పెరుగుతుంది.

పిచర్ బంతి విసిరే క్షణంలో అతని చేయి లోపలివైపు తిరిగే వేగం సెకనుకు దాదాపు 7,000 డిగ్రీలు. అంటే అదే వేగం సాగితే సెకనులో 19 చుట్లు. మనిషి శరీరంలో కొలిచిన కదలికల్లో అతి వేగవంతమైన వాటిలో ఇదొకటి. దానికి ముందు చేయి వెనక్కి వాలి, దాదాపు 170 నుంచి 180 డిగ్రీల దాకా బయటికి మెలి తిరుగుతుంది. ఆ మెలికలో కఫ్ లోపలి పొర ఎముక తలకూ గిన్నె వెనక పైఅంచుకూ మధ్య నలుగుతుంది. కండ స్నాయువు మెలిపడి లాబ్రమ్‌ను అంచు నుంచి లాగుతుంది. బంతి వదిలాక ఇంకో సమస్య: అంత వేగంగా దూసుకెళ్లే చేతిని ఆపాలి. అప్పుడు చేతిని గిన్నెలోంచి ఊడలాగే బలం ఆటగాడి శరీర బరువంత ఉంటుంది. భుజం వెనకున్న కండరాలే ఆ బ్రేకు వేస్తాయి. వేల త్రోల తర్వాత వెనక కండరాలు, కీలు పొర బిరుసెక్కడం అందుకే.

వైద్యులు ఈ నొప్పికి పెట్టిన పేర్లు కాలానికొకటిగా మారాయి. ఆ చరిత్ర తెలిస్తే ఇవాళ్టి రిపోర్టును ఎలా చదవాలో తెలుస్తుంది. 1972లో చార్లెస్ నీర్, భుజం కొన ఎముక కింద కఫ్ ఒరుసుకోవడమే నొప్పికి మూలమని చెప్పి, ఆ ఎముకను చెక్కే ఆపరేషన్ వివరించారు. నడివయసు వాళ్లకు మేలు చేసిందనుకున్న ఆ ఆపరేషన్‌ను విసిరే ఆటగాళ్లకూ చేశారు. 1985లో ఫలితాలు లెక్కచూస్తే, పాత స్థాయిలో మళ్లీ విసరగలిగినవాళ్లు కొద్దిమందే. ఫ్రాంక్ జోబ్ అసలు దోషం కీలు వదులు కావడంలో ఉందన్నారు. అదే 1985లో జేమ్స్ ఆండ్రూస్ లాబ్రమ్ పైభాగపు చిరుగులను చూపించారు. 1990లో స్టీఫెన్ స్నైడర్ వాటికి ‘స్లాప్’ అని పేరు పెట్టి నాలుగు రకాలుగా విడదీశారు. 1992లో ఫ్రాన్స్‌కు చెందిన జిల్ వాల్ష్ కఫ్ లోపలివైపు నలిగే తీరును వర్ణించారు. 2003లో బర్క్‌హార్ట్, మోర్గన్, కిబ్లర్ ముగ్గురూ కలిసి, వెనక పొర బిగుసుకుపోవడం, రెక్క ఎముక గాడి తప్పడం నుంచే ఇదంతా మొదలవుతుందన్నారు. వీళ్లలో ప్రతి ఒక్కరూ చూసింది నిజమే. ఒకరు చూసినదాన్ని అందరి భుజాలకూ అంటగట్టినప్పుడల్లా ఆటగాళ్లు నష్టపోయారు.

చేయి లోపలికి తిరగడం తగ్గడం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. మన దగ్గర ఫిజియోలు, కోచ్‌లు తరచూ పొరపడేది ఇక్కడే. విసిరే చేయి బయటికి ఎక్కువ, లోపలికి తక్కువ తిరుగుతుంది. దీన్ని చూడగానే ‘బిగుసుకుపోయింది, సాగదీయండి’ అంటారు. కానీ చిన్నప్పటి నుంచి విసిరే పిల్లల్లో ఎముకే కొంత వెనక్కి మెలి తిరిగి గట్టిపడుతుంది. పుట్టినప్పుడు అందరి దండచేయి ఎముకలోనూ ఆ మెలిక ఎక్కువే. ఎదిగేకొద్దీ విడిపోవాల్సిన మెలిక, విసిరే చేతిలో పూర్తిగా విడిపోదు. అది శరీరం చేసుకున్న సర్దుబాటు. కాబట్టి లోపలి తిరుగుడు ఒక్కటే చూడకూడదు, మొత్తం కలిపి చూడాలి. కుడిచేత్తో విసిరేవాడి ఎడమ భుజం బయటికి 100, లోపలికి 60 డిగ్రీలు తిరిగితే మొత్తం 160. కుడి భుజం 115, 45 అయితే మొత్తం అదే 160, చక్కగా ఉన్నట్టు. కుడి 110, 35 అయితే మొత్తం 145. అప్పుడు నిజంగానే ఏదో పోయింది. 2015లో వెలువడిన, ఎనిమిది సీజన్లపాటు 296 మంది ప్రొఫెషనల్ పిచర్లను గమనించిన అధ్యయనం ఇంకో మాట చెప్పింది. లోపలి తిరుగుడు తగ్గినవాళ్లకు భుజం గాయాలు ఎక్కువేమీ కాలేదు. విసిరే చేయి రెండో చేతికంటే కనీసం ఐదు డిగ్రీలైనా ఎక్కువగా బయటికి తిరగనివాళ్లకు మాత్రం భుజం గాయం ముప్పు రెండు రెట్లు దాటింది, ఆపరేషన్ ముప్పు నాలుగు రెట్లయింది. కనబడిన ప్రతి భుజాన్నీ పడుకోబెట్టి లోపలికి నొక్కే అలవాటును ఈ లెక్క ప్రశ్నిస్తోంది.

మరి నిదానంగా పరీక్షించడం అంటే ఏమిటి? మొదట మాటలు. నొప్పి ఎక్కడ అన్న ప్రశ్న కంటే, త్రోలో ఏ క్షణాన అన్న ప్రశ్న ఎక్కువ చెబుతుంది. చేయి వెనక్కి పూర్తిగా వాలినప్పుడు భుజం వెనక చురుక్కుమంటే ఒక దారి. బంతి వదిలాక చేయి ముందుకు వాలేటప్పుడు లాగితే ఇంకో దారి. నొప్పి కంటే ముందు వేగమో గురో తగ్గిందా? ‘బంతి వేస్తున్నాను గానీ వెళ్లట్లేదు’ అనే ఫీల్డర్ మాట నొప్పి మొదలవడానికి వారాల ముందే వినబడవచ్చు. ఈ మధ్య ఆట పెరిగిందా, కొత్త కోచ్ చేయి ఎత్తు మార్చాడా, చీలమండ బెణికి కుంటుతూనే ఆడాడా అన్నవి కూడా అడగాలి.

తర్వాత చొక్కా తీయించి వెనక నిలబడి చూడాలి. విసిరే వైపు భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. అది చాలామందిలో ఉండేదే. రెక్క ఎముక లోపలి అంచు కోడి రెక్కలా పైకి లేచి కనబడుతోందా? చేతిలో కిలో బరువు పెట్టి పదిసార్లు చేతులు ఎత్తించి దింపిస్తే, ఆరోసారో ఏడోసారో ఆ ఎముక తడబడటం కంటికి తెలుస్తుంది. అప్పుడు పరీక్షించేవాళ్లు అరచేత్తో ఆ ఎముకను పైకి తోస్తూ మళ్లీ చేయి ఎత్తమంటారు. నొప్పి అక్కడికక్కడే తగ్గిందంటే మందు ఎక్కడుందో తెలిసిపోయింది. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబెట్టి మోకాలు వంచమనాలి. తుంటి పక్కకు జారితే వడిసెల తాడు కింద నుంచే వదులుగా ఉందన్నమాట. భుజం నొప్పికి తుంటినెందుకు చూస్తున్నారని తల్లిదండ్రులు విసుక్కుంటే, వాళ్లకు నిలబెట్టి చూపించడమే జవాబు.

వెల్లకిలా పడుకోబెట్టి చేసే పరీక్షలున్నాయి. జోబ్ పేరుతో చెప్పే పరీక్షలో చేతిని విసిరే భంగిమలోకి వెనక్కి తిప్పుతారు. భుజం వెనక నొప్పి పుట్టి, ఎముక తలను వెనక్కి నొక్కగానే ఆ నొప్పి తగ్గితే, కఫ్ లోపలివైపు నలుగుతోందని అనుమానించాలి. లాబ్రమ్ కోసం ఓబ్రియన్ పరీక్ష లాంటివి చేస్తారు. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను తీర్పు చెప్పలేదు. రెండు మూడు ఒకే వైపు చూపి, ఆటగాడు చెప్పిన మాటతో కలిస్తేనే విలువ. కఫ్ బలాన్ని కొలిచే చిన్న యంత్రం దొరికితే ఇంకా మంచిది. ఎమ్మారై ఇవన్నీ అయ్యాక వస్తుంది. లాబ్రమే అనుమానమైతే కీలులోకి ద్రవం ఎక్కించి తీసే ఆర్థ్రోగ్రామ్ మేలు.

అయితే కొన్ని భుజాల విషయంలో ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. జె.ఆర్. రిచర్డ్ అమెరికాలో హ్యూస్టన్ ఆస్ట్రోస్ పిచర్, ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. 1979లో 313 సార్లు బ్యాటర్లను స్ట్రైకౌట్ చేశాడు, అంటే తన బంతులతోనే అవుట్ చేశాడు. 1980 సీజన్ మధ్యలో చేయి బరువెక్కుతోందని, చచ్చుబడినట్టుందని చెప్పడం మొదలుపెట్టాడు. పత్రికల్లో, జట్టు చుట్టుపక్కల, సాకులు చెబుతున్నాడన్న మాటలు వినబడ్డాయి. పరీక్షల్లో చేతి ధమనిలో అడ్డంకి బయటపడింది. అయినా వెంటనే ఆపరేషన్ అక్కర్లేదనుకున్నారు. జులై 30న ప్రాక్టీసులో బంతులు విసురుతూ కూలిపోయాడు. పక్షవాతం. అక్కడి అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో మళ్లీ ఒక్క బంతీ వేయలేదు. చేయి త్వరగా అలిసిపోవడం, వేళ్లు చల్లబడటం, పాలిపోవడం, తిమ్మిరెక్కడం, చేయి ఒక్కసారిగా వాచి నీలమవడం, వీటిలో ఏది కనబడినా వ్యాయామం మాట పక్కనపెట్టి, ఆ రోజే రక్తనాళాల వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

రెండోది, రెక్క ఎముక వెనక కండ గుంటపడటం. లాబ్రమ్ పక్కన పుట్టిన నీటి తిత్తి నరాన్ని నొక్కితే, నొప్పి పెద్దగా లేకుండానే ఆ కండ కరిగిపోతుంది. వాలీబాల్ ఆటగాళ్లలోనూ ఇది కనబడుతుంది. మూడోది పిల్లలది. 11 నుంచి 16 ఏళ్ల మధ్య దండచేయి ఎముక పైభాగంలో ఎదుగుదల పొర ఇంకా మెత్తగా ఉంటుంది. పదే పదే విసిరితే అది విచ్చుకుంటుంది. రెండు భుజాలకూ ఎక్స్‌రే తీసి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. దీనికి మందు కనీసం రెండు మూడు నెలలపాటు బంతి ముట్టకపోవడం. ఇందులో బేరాలు లేవు.

ఇలాంటివేవీ లేని భుజానికి వైద్యం విసరడం ఆపడంతో మొదలవుతుంది. విసరడం మాత్రమే ఆపాలి, మనిషిని మంచమెక్కించకూడదు. కాళ్లు, నడుము, రెండో చేయి మొదటి రోజు నుంచే పని చేయాలి. మన ఊళ్లలో భుజం పట్టేసిందంటే కట్టు కట్టించుకోవడం, పుత్తూరు దాకా వెళ్లడం మామూలు. విరిగిన ఎముక సంగతి వేరు. విసిరే భుజాన్ని వారాల తరబడి కట్టి ఉంచితే, అసలే తడబడుతున్న రెక్క కండరాలు మరింత నీరసిస్తాయి. నొప్పి ఇంజెక్షన్ పొడిపించుకుని ఆదివారం మ్యాచ్ ఆడటం ఇంకా ప్రమాదం. నొప్పి చెప్పాల్సిన మాటను ఆ ఇంజెక్షన్ నొక్కేస్తుంది.

మొత్తం తిరుగుడు నిజంగా తగ్గినవాళ్లకే సాగదీత. చేతిని ఛాతీ మీదుగా అడ్డంగా లాగి పట్టుకోవడం, పక్కకు పడుకుని ముంజేతిని మెల్లగా కిందికి నొక్కడం. ముందు భాగంలో నొప్పి వస్తే రెండోది మానేయాలి. తర్వాత బలం. పక్కకు పడుకుని తేలికపాటి డంబెల్‌తో చేతిని బయటికి తిప్పడం, బోర్లా పడుకుని చేతులు ‘వై’ ఆకారంలో ఎత్తడం, పుషప్ పైన ఇంకాస్త నెట్టి రెక్క ఎముకను ముందుకు తోయడం. ఇవి చూడటానికి చప్పగా ఉంటాయి. జిమ్‌లో ఛాతీ పెంచే బెంచ్ ప్రెస్‌లాగా అద్దంలో ఫలితం కనబడదు. అందుకే కుర్రాళ్లు రెండు వారాలకే వదిలేస్తారు. బ్రేకు వేసే కండరాలు కాబట్టి బరువును నిదానంగా దింపడం మీదే దృష్టి ఉండాలి. నార్వేలో 45 ఎలైట్ హ్యాండ్‌బాల్ జట్లలోని 660 మందిపై చేసిన ప్రయోగంలో, సగం జట్లు వార్మప్‌లో భాగంగా ఇలాంటి వ్యాయామాలు చేశాయి. సీజన్‌లో వాళ్లకు భుజం సమస్యల ముప్పు 28 శాతం తగ్గింది.

నొప్పి తగ్గి, బలం రెండో వైపుతో సమానమయ్యాక మళ్లీ బంతి. ఇక్కడ తొందరపడితే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. బేస్‌బాల్‌లో చాలాకాలంగా వాడుతున్న పద్ధతి 45 అడుగుల దూరం, అంటే సుమారు 14 మీటర్లతో మొదలవుతుంది. ముందు వార్మప్, 25 త్రోలు, కాసేపు విశ్రాంతి, మళ్లీ 25. రోజు విడిచి రోజు. నొప్పి రాకపోతే తర్వాత మూడు విడతలు. ఆ తర్వాత 60 అడుగులు, 90, 120, అలా 180 దాకా, అంటే దాదాపు 55 మీటర్లు. ఒక మెట్టు దగ్గర నొప్పి తిరగబెడితే కింది మెట్టుకు దిగాలి. మన క్రికెట్ ఫీల్డర్‌కు బౌండరీ నుంచి కీపర్ దాకా వేసే త్రో ఈ చివరి మెట్టుకు దగ్గరగా, ఒక్కోసారి దాటి కూడా ఉంటుంది. కాబట్టి 30 గజాల వలయంలో హాయిగా వేస్తున్నాడు గదా అని డీప్‌కు పంపేయకూడదు.

ఆపరేషన్ అవసరమయ్యేవాళ్లు ఉన్నారు. మూడు నెలలు శ్రద్ధగా చేసినా తగ్గని నొప్పి, కీలు జారడం, తిత్తి నొక్కిన నరం, పూర్తిగా తెగిన కఫ్, ఇవి సర్జన్ చూడాల్సినవే. కానీ ఫలితాల గురించి ఆటగాడికి ఉన్నదున్నట్టు చెప్పాలి. 2014లో వెలువడిన, ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆటగాళ్ల స్లాప్ చిరుగుల అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్న పిచర్లలో 48 శాతం మైదానానికి తిరిగొచ్చారు. మునుపటి స్థాయిలో ఆడగలిగింది 7 శాతమే. ఆపరేషన్ లేకుండా చికిత్స తీసుకున్న పిచర్లలో ఆ స్థాయిని అందుకున్నవాళ్లు 22 శాతం. కఫ్ పూర్తిగా చిరిగి కుట్టించుకున్న 12 మంది ప్రొఫెషనల్ పిచర్లలో ఉన్నత స్థాయికి తిరిగొచ్చింది ఒక్కరేనని 2006 నాటి మరో అధ్యయనం. కుట్టు బాగానే పడుతుంది. అంత దూరం మెలి తిరగాల్సిన భుజాన్ని కుట్టుతో బిగించాక ఆ చివరి కొన్ని డిగ్రీలు రావు. ఉద్యోగం చేసుకునే మనిషికి ఆ డిగ్రీలతో పనిలేదు. పిచర్‌కు బతుకు అక్కడే.

అందుకే గాయం కాకముందు లెక్క చాలా విలువైనది. అమెరికాలో కుర్రాళ్ల బేస్‌బాల్‌లో బంతుల లెక్క కట్టుదిట్టంగా ఉంది. 11, 12 ఏళ్ల పిల్లవాడు రోజుకు 85 దాటకూడదు. 2006 నాటి ఒక అధ్యయనంలో, చేయి అలిసిపోయినా తరచూ బంతులు వేస్తూనే ఉండే కుర్రాళ్లకు ఆపరేషన్ దాకా వెళ్లే అవకాశం 36 రెట్లు ఎక్కువని తేలింది. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్ ఓవర్లు లెక్కపెడతారు. ఫీల్డర్ త్రోలు ఎవరి ఖాతాలోనూ ఉండవు. ఆస్ట్రేలియాలో 28 మంది మేటి క్రికెటర్లను ఒక సీజన్‌పాటు గమనిస్తే, ఏడుగురికి విసరడం వల్లే గాయమైంది. వారానికి 75 త్రోలు దాటినవాళ్లకు ముప్పు పెరిగింది. చిన్న అధ్యయనమే, కానీ లెక్కంటూ మొదలైంది. వేసవి శిబిరంలో హై క్యాచ్‌లు పట్టి కీపర్‌కు విసిరే డ్రిల్‌లో, 75 అన్నది ఒక్కోసారి రెండు పూటల్లో అయిపోతుంది. ఆ రాత్రి అన్నం తింటూ కుర్రాడు ‘జబ్బ లాగుతోందమ్మా’ అంటే, వేడి నీళ్లు కాచే ముందు అమ్మ అడగాల్సింది ఒకటుంది: ‘ఇవాళ ఎన్నిసార్లు విసిరావురా?’